కీళ్లవాతానికి మందులు, పక్కనే వదలని దగ్గు: కారణం ఎలా తేలుతుంది?

కీళ్లవాతం (డాక్టర్ల మాటలో రుమటాయిడ్ ఆర్థరైటిస్) కాస్త అదుపులోకి వచ్చిందనుకునే సమయానికే కొందరికి దగ్గు పట్టుకుంటుంది. పొద్దున్నే బిగుసుకుపోయే వేళ్లు ఇప్పుడు కాఫీ గ్లాసు పట్టుకుంటున్నాయి, జడ తామే వేసుకుంటున్నారు. కానీ రాత్రి పడుకోగానే దగ్గు, మూడు వారాలైనా తగ్గదు. ఇంట్లో తీర్పులు వెంటనే వచ్చేస్తాయి. "ఆ వారం మాత్ర వేడి చేస్తుంది వదినా, ఆపేసి చూడు" అంటారొకరు. "చలికాలం, ఊరంతా దగ్గుతోంది, అదే పోతుందిలే" అంటారు ఇంకొకరు. మొదటి మాట విని మందు మానేస్తే కొన్ని వారాల్లో కీళ్లు మళ్లీ వాస్తాయి. రెండో మాట విని ఊరుకుంటే, అందరికీ కాకపోయినా కొందరికి, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాక గానీ విషయం బయటపడదు.

ఈ జబ్బున్నవాళ్లకు దగ్గు నాలుగు వైపుల నుంచి రావచ్చు. వాడే మందు వల్ల, జబ్బు వల్ల, మందులతో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు చేరిన క్రిమి వల్ల, లేదా వీటన్నిటితో సంబంధం లేని మామూలు కారణం వల్ల. చెవికి నాలుగూ ఇంచుమించు ఒకలాగే వినిపిస్తాయి. అందుకే దగ్గు ఎలా ఉందో ఎంత వర్ణించినా డాక్టరుకు పెద్దగా ఉపయోగపడదు; ఎప్పుడు మొదలైందో చెబితే చాలా తెలుస్తుంది. ఏ మందు ఏ నెలలో మొదలుపెట్టారు, మోతాదు ఎప్పుడు పెంచారు, స్టెరాయిడ్ ఎప్పుడు తగ్గించారు, దగ్గు ఏ తేదీ నుంచి, బీపీ మాత్ర ఎప్పుడు మారింది. ఈ తేదీలన్నీ ఒక్క కాగితం మీద పక్కపక్కన రాస్తే సగం అనుమానాలు అక్కడే తేలిపోతాయి. పాత చీటీలన్నీ ఒక కవర్లో పడేసి తీసుకెళ్లడం కంటే ఆ ఒక్క కాగితం ఎంతో మేలు.

వారం మాత్ర మీద నింద

అందరి అనుమానం ముందు ఆ వారం మాత్ర, అంటే మెథోట్రెక్సేట్ మీదికే పోతుంది. ఈ మందు పుట్టుకలో మనవాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించిన రోజుల్లో ఆయన బృందం ముందు ఫోలిక్ ఆసిడ్‌ను, తర్వాత దాని పనికి అడ్డుపడే మందులను తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కి వాడి 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి వాడటానికి అమెరికా ప్రభుత్వ అనుమతి 1988లో వచ్చింది. క్యాన్సర్ మోతాదుతో పోలిస్తే ఇక్కడ వాడేది చాలా తక్కువ, వారానికి ఒక్కసారి, సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఫోలిక్ ఆసిడ్‌తో దీనికున్న వైరాన్ని గుర్తుపెట్టుకోండి, దగ్గు మందుల దగ్గర దాని అవసరం పడుతుంది.

మెథోట్రెక్సేట్ వల్ల ఊపిరితిత్తుల్లో వాపు రావడం నిజమే. దాన్ని న్యుమోనైటిస్ అంటారు. క్రిమి లేకుండానే న్యుమోనియాలా కనిపిస్తుంది. పొడి దగ్గు, జ్వరం, ఆయాసం కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో ముదురుతాయి. ఎక్కువగా మందు మొదలుపెట్టిన మొదటి ఏడాదిలోనే వస్తుంది. వయసు పైబడినవాళ్లకు, మధుమేహం ఉన్నవాళ్లకు, ముందే ఊపిరితిత్తులు బాగాలేనివాళ్లకు, రక్తంలో ఆల్బుమిన్ తక్కువున్నవాళ్లకు ముప్పు ఎక్కువ. అయితే ఇది అరుదు. ఇటీవలి పరిశోధనల్లో నూటికి ఒకరి కంటే తక్కువమందికే కనిపించింది. వస్తే మాత్రం మందు వెంటనే ఆపాలి, క్రిమి లేదని పరీక్షలతో తేల్చుకోవాలి, అవసరమైతే స్టెరాయిడ్ ఇస్తారు. ఒకసారి వచ్చినవాళ్లకు మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెట్టరు.

ఇంకో రకం కూడా ఉంది. వాపు ఉండదు, ఎక్స్‌రే బాగుంటుంది, ఊపిరి పరీక్షలూ బాగుంటాయి, గొంతులో గరగర, పొడి దగ్గు మాత్రం పోదు. మందు శ్వాసనాళాలను కాస్త రేపడం వల్ల ఇలా జరుగుతుందని డాక్టర్లు భావిస్తారు. ప్రమాదం లేదు గానీ విసుగు. మోతాదు తగ్గించాలా, వేరే మందుకు మారాలా అన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

ఏళ్ల తరబడి వాడితే మెథోట్రెక్సేట్ ఊపిరితిత్తులను గట్టిపరుస్తుందన్న నమ్మకం మాత్రం నిలవడం లేదు. గత కొన్నేళ్ల పరిశోధనల్లో ఈ మందు వాడినవాళ్లకు అలాంటి జబ్బు ఎక్కువగా వచ్చిన దాఖలా లేదు సరికదా, కాస్త ఆలస్యంగా వచ్చినట్టు కనిపించింది. ఊపిరితిత్తులను గట్టిపరిచేది ఎక్కువగా కీళ్లవాతమే. పక్కనే ఉన్న మందు మీద నింద పడుతుంది, అంతే.

మరి ఈ వారం మాత్ర వేసుకోవాలా, వద్దా? దగ్గు మాత్రమే ఉండి, జ్వరం, ఆయాసం లేకపోతే, డాక్టరుకు ఫోన్ చేసి అడిగి వేసుకోవచ్చు. దగ్గుతో పాటు జ్వరం గానీ ఆయాసం గానీ ఉంటే, డాక్టరు చూసేదాకా తర్వాతి మోతాదు ఆపడమే మంచిది. ఒకటి రెండు వారాలు తప్పినంత మాత్రాన కీళ్లు వెంటనే తిరగబడవు. నెలల తరబడి చెప్పకుండా మానేస్తేనే చిక్కు. స్టెరాయిడ్ సంగతి పూర్తిగా వేరు. అది ఉన్నట్టుండి ఆపకూడదు. నెలల తరబడి వాడినవాళ్ల శరీరం సొంతంగా తయారుచేసుకునే హార్మోన్ తగ్గిపోయి ఉంటుంది. రెండూ ఒకే చీటీలో ఉంటాయి కాబట్టి "మందులన్నీ ఆపేశాం" అనేవాళ్లు తెలియకుండానే రెండో ప్రమాదంలో పడతారు.

కీళ్లవాతానికి వాడే మరో మందు లెఫ్లునోమైడ్ గురించి కూడా ఒక మాట. ఇదీ అరుదుగా ఊపిరితిత్తుల వాపు తెస్తుంది, జపాన్‌లో ఈ మందు వచ్చిన కొత్తల్లోనే అలాంటి కేసులు బయటపడ్డాయి. ముందే ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు సాధారణంగా దీన్ని వాడరు. ఆపినా శరీరంలోంచి త్వరగా పోదు, నెలలు పడుతుంది. ముఖ్యమైన పరిస్థితుల్లో కొలెస్టిరమైన్ పొడి ఇచ్చి బయటకు పంపిస్తారు.

జబ్బు ఛాతీలోకి దిగినప్పుడు

రుమటాయిడ్ కీళ్ల జబ్బని పేరు పడింది గానీ, శరీరంలో అది వెళ్లని చోటు తక్కువ. సుమారు పది మందిలో ఒకరికి ఊపిరితిత్తుల్లో వాపు వచ్చి, క్రమంగా నార కట్టి గట్టిపడుతుంది. దీన్ని ఐఎల్‌డీ అంటారు. మగవాళ్లలో, పొగ తాగేవాళ్లలో, వయసు పెరిగినవాళ్లలో, రక్తపరీక్షలో యాంటీ సీసీపీ అనే యాంటీబాడీ బాగా ఎక్కువున్నవాళ్లలో ముప్పు ఎక్కువ. రాతి క్వారీలు, గ్రానైట్ కోతల్లో పనిచేసి సిలికా దుమ్ము పీల్చినవాళ్లకు కీళ్లవాతం వచ్చే అవకాశమే పెరుగుతుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులనూ పాడుచేస్తుంది కాబట్టి దగ్గు గురించి చెప్పేటప్పుడు ఏం పని చేసేవారో చెప్పడం మరిచిపోకూడదు.

ఐఎల్‌డీ మొదట్లో కనిపించకుండా ఉంటుంది. పొడి దగ్గు, నడిస్తే ఆయాసం. ఈ రెండో లక్షణాన్ని కీళ్లవాతం కప్పేస్తుంది. డాక్టరు గదిలో సంభాషణ ఇలా సాగుతుంది.

"ఆయాసం ఉందా అమ్మా?"

"లేదండీ."

"మేడ ఎక్కుతుంటే?"

"మోకాళ్లు సహకరిస్తేగా! ఏడాదైంది మేడెక్కి. కూరలు కూడా అబ్బాయే తెస్తాడు."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆయాసం వచ్చేంత దూరం నడవడమే మానేసింది. కాబట్టి ఆయాసం ఉందా అని కాక, ఆరు నెలల కిందట చేసిన ఏ పని ఇప్పుడు చేయలేకపోతున్నారు, అందులో కీళ్లు ఆపింది ఎంత, ఊపిరి ఆపింది ఎంత అని అడగాలి. ఇంట్లోవాళ్లకు ఈ తేడా ఎక్కువ తెలుస్తుంది. స్నానం చేసి వచ్చాక మంచం మీద కూర్చుని మాట్లాడటానికి ఎంతసేపు పడుతోందో వాళ్లే చూస్తారు.

మామూలు ఎక్స్‌రే బాగుందంటే ఐఎల్‌డీ లేదని తేలినట్టు కాదు. తొలిదశలో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. హెచ్‌ఆర్‌సీటీ అనే స్కాన్‌లో బయటపడుతుంది. డాక్టరు వీపు కింది భాగంలో స్టెతస్కోప్ పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమన్నప్పుడు, చెప్పుల పట్టీకి ఉండే వెల్‌క్రో విప్పుతుంటే వచ్చే చిటపట లాంటి చప్పుడు వినిపిస్తే స్కాన్ రాస్తారు. ఊపిరి ఊదించే పరీక్షలో ఆక్సిజన్ రక్తంలోకి ఎంత చేరుతోందో కొలిచే భాగం కూడా ఉంటుంది, దాన్ని వదిలేస్తే తొలి మార్పు చిక్కకపోవచ్చు. వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూసేటప్పుడు కదలకుండా కూర్చున్నప్పటి అంకె ఒక్కటే నమ్మకండి, అది చాలాసార్లు బాగానే ఉంటుంది. కాసేపు నడిచాక ఎంత పడిపోతోందో చూడాలి. చేతులు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు వేసుకున్నా అంకె తప్పు చూపిస్తుంది.

అన్నిసార్లూ నార కట్టడమే జరగదు. శ్వాసనాళాలు వెడల్పయి అందులో కఫం నిలిచిపోయే బ్రాంకియెక్టాసిస్ కూడా కీళ్లవాతంతో కలిసి రావచ్చు. అప్పుడు దగ్గు పొడిగా ఉండదు, పొద్దున్నే చిక్కటి తెమడ పడుతుంది, ఏటా రెండు మూడుసార్లు యాంటీబయాటిక్ అవసరమవుతుంది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం, చిన్న గడ్డలు కట్టడం కూడా ఉన్నాయి. కీళ్లవాతంతో కలిసి వచ్చే షోగ్రెన్స్ అనే జబ్బు వల్ల నోరు, కళ్లు ఆరిపోయినట్టే శ్వాసనాళాలూ ఆరిపోతాయి. ఎండిన గొంతు రోజంతా దగ్గిస్తుంది. నీళ్లు లేకుండా అన్నం ముద్ద మింగలేనివాళ్లు ఈ సంగతి డాక్టరుకు విడిగా చెప్పాలి.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. గొంతులో స్వరపేటిక దగ్గర రెండు బుల్లి కీళ్లున్నాయి. మాట పుట్టేది ఆ కీళ్లు కదిలితేనే. కీళ్లవాతం వాటినీ వాపజేస్తుంది. గొంతు బొంగురుపోవడం, ఏదో అడ్డుపడ్డట్టు అనిపించి పదేపదే గొంతు సవరించుకోవడం, మింగితే చెవివైపు పాకే నొప్పి. ఈ దగ్గుకి ఛాతీ స్కాన్ ఎంత మంచిదైనా ఏమీ చెప్పలేదు, ఈఎన్‌టీ డాక్టరు గొంతులోకి చూడాలి.

టీబీని ముందు తోసిపుచ్చాలి

ప్రపంచంలో టీబీ బారిన పడేవాళ్లలో సుమారు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. కోట్లమంది శరీరాల్లో టీబీ క్రిమి జబ్బు తేకుండా నిద్రాణంగా ఉంటుంది. దాన్ని చుట్టుముట్టి కట్టేసి ఉంచేది మన రోగనిరోధక శక్తి, అందులో టీఎన్‌ఎఫ్ అనే పదార్థానిది పెద్దపాత్ర. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్ వంటి ఇంజెక్షన్లు కీళ్లవాతంలో ఆ టీఎన్‌ఎఫ్‌నే అడ్డుకుంటాయి. కీళ్ల వాపు తగ్గుతుంది, నిద్రాణమైన క్రిమికీ కట్లు సడలుతాయి. 2001లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడాక టీబీ వచ్చిన 70 మంది వివరాలు అమెరికాలో ప్రచురించినప్పుడు ఇది ప్రపంచానికి స్పష్టమైంది. వాళ్లలో 40 మందికి టీబీ ఊపిరితిత్తుల బయట కూడా వచ్చింది, చాలామందికి మొదటి మూడు ఇంజెక్షన్లలోపే వచ్చింది. టోఫాసిటినిబ్ వంటి మాత్రలతోనూ, రోజుకు 15 మిల్లీగ్రాములు దాటి నెలకు పైగా వాడే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌తోనూ ముప్పు పెరుగుతుంది.

అందుకే ఈ ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు ఎక్స్‌రే తీస్తారు, చేతి మీద మాంటూ పరీక్ష గానీ రక్తంలో ఐజీఆర్‌ఏ అనే టీబీ పరీక్ష గానీ చేస్తారు. నిద్రాణమైన టీబీ ఉంటే ముందుగా నివారణ మందులు ఇచ్చి, కనీసం నెలరోజులయ్యాకే ఇంజెక్షన్ మొదలుపెడతారు. స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లకు మాంటూ పొక్కు సరిగ్గా రాకపోవచ్చు, కాబట్టి "నాకు పరీక్ష చేశారు, టీబీ లేదన్నారు" అని ఎప్పటికీ ధీమాగా ఉండకూడదు. పరీక్ష అయిన ఏడాదికి కూడా కొత్తగా అంటుకోవచ్చు.

జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం సూత్రం ప్రకారం రెండు వారాలు దాటిన దగ్గున్న ఎవరైనా కఫం పరీక్ష చేయించుకోవాలి. కీళ్లవాతం మందులు వాడేవాళ్లకు రెండు వారాలు ఆగాలన్న నియమం ఏమీ లేదు. బరువు తగ్గుతున్నా, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు ఉన్నా అంతకు ముందే వెళ్లవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కఫంలో టీబీ క్రిమిని పట్టే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు ఉచితం. ట్రూనాట్ గోవాలో తయారైన యంత్రం. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆమోదించింది. మందులూ ఉచితమే. పోషకాహారానికి నెలకు ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి 500 నుంచి 1,000 రూపాయలకు పెంచారు.

కఫం ఇచ్చే విషయంలో మనవాళ్లు చేసే తప్పు చాలా చిన్నది, ఫలితం మీద ప్రభావం మాత్రం పెద్దది. డబ్బీ ఇచ్చి పంపితే నోట్లో ఉమ్మి తెచ్చి ఇస్తారు. అది పనికిరాదు. పొద్దున్నే లేవగానే, పళ్లు తోముకోకముందే, నీళ్లతో నోరు పుక్కిలించాలి. తర్వాత రెండు మూడుసార్లు గుండెల నిండా ఊపిరి పీల్చి, కాసేపు పట్టి, లోతుగా దగ్గి తెమడ బయటకు రప్పించాలి. చెంచాడు పడితే చాలు. నురగగా, పల్చగా ఉంటే అది ఉమ్మే, మళ్లీ ప్రయత్నించాలి. డబ్బీ మూత తిప్పడానికి వేళ్లు వంగనివాళ్లు ఇంట్లోవాళ్ల చేత ముందే మూత వదులు చేయించుకోవాలి. ఏమీ పడని పొడి దగ్గయితే, ఉప్పునీటి ఆవిరి పట్టించి కఫం రప్పించే పద్ధతి ఆసుపత్రుల్లో ఉంది.

రక్తపరీక్షలు ఇక్కడ మోసం చేస్తాయి. ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్ పెరిగితే టీబీ అనుకోవడం వాడుక, కానీ కీళ్లవాతంలో ఈఎస్‌ఆర్ చాలాసార్లు ఎక్కువే ఉంటుంది. అటువైపు కీళ్లవాతానికే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్లకు ఛాతీలో నెమ్ము చేరినా, వాపును చూపే మరో పరీక్ష సీఆర్‌పీ పెరగకపోవచ్చు, జ్వరమూ రాకపోవచ్చు. స్టెరాయిడ్ కూడా జ్వరాన్ని కప్పేస్తుంది. రిపోర్టులో అంకె బాగుంది కదా అని మిగతావన్నీ వదిలేయకండి.

టీబీ తేలితే కీళ్ల మందుల్లో మార్పులు తప్పవు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ మాత్ర కాలేయంలో మందులను కరిగించే వేగాన్ని పెంచుతుంది. టోఫాసిటినిబ్ దాదాపు పనిచేయకుండా పోతుంది, ప్రెడ్నిసోలోన్ బలం తగ్గుతుంది. "టీబీ మందులు మొదలుపెట్టాక నొప్పులు ఎక్కువయ్యాయి" అనేవాళ్లలో కొందరికి కారణం ఇదే. టీబీ డాక్టరుకు కీళ్ల మందుల చీటీ, కీళ్ల డాక్టరుకు టీబీ చీటీ చూపించాలి. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని ఎదురుచూస్తే ఆలస్యమవుతుంది.

అసలు వీటితో సంబంధమే లేని దగ్గు

కీళ్లవాతంతో పాటు బీపీ ఉన్నవాళ్లు ఎక్కువ. రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి మాత్రలు వేసుకునేవాళ్లలో కొందరికి పొడి దగ్గు వస్తుంది, ఆడవాళ్లలో, ఆసియా ప్రజల్లో మరీ ఎక్కువ. మందు మొదలైన కొన్ని రోజుల నుంచి కొన్ని నెలల లోపు ఎప్పుడైనా రావచ్చు. డాక్టరు దాన్ని టెల్మిసార్టాన్ లాంటిదానికి మారిస్తే సాధారణంగా నాలుగు వారాల లోపే తగ్గుతుంది, కొందరికి మూడు నెలలు పడుతుంది. వేల రూపాయల స్కాన్‌కి వెళ్లేముందు ఒక్క మాత్ర పేరు చూసుకుంటే సరిపోయే సందర్భం ఇది.

నొప్పి మాత్రలు, స్టెరాయిడ్, ఎముకలకు వారానికి ఒకసారి వేసుకునే అలెండ్రోనేట్, ఇవన్నీ కడుపులో పులుపు పైకి తన్నేలా చేస్తాయి. పడుకోగానే వచ్చే దగ్గు, పొద్దున గొంతు మంట దాని గుర్తులు. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు విరామం, మంచం తలవైపు ఎత్తు చేయడం ఇక్కడ బాగా ఉపయోగపడతాయి. ఇక ఆస్తమా, సైనస్, జలుబు తగ్గాక వారాలపాటు మిగిలే దగ్గు, కట్టెల పొయ్యి పొగ ఎవరికైనా ఉండేవే. పిల్లికూతలు వినిపిస్తే ఆస్తమా వైపు చూడాలి.

దగ్గు మందులే కొత్త సమస్య తెచ్చే సంగతి

నా దృష్టిలో దగ్గు కంటే ప్రమాదకరమైనది, మందుల షాపులో గానీ ఆర్ఎంపీ దగ్గర గానీ కీళ్ల మందుల సంగతి చెప్పకుండా దగ్గుకి తీసుకునే మందు. మొదటి పేరు కోట్రైమోక్సజోల్, ఇక్కడ ఎక్కువమంది సెప్ట్రాన్ అని అడుగుతారు. చవక, పాతది, గొంతుకి ఛాతీకి అలవాటుగా ఇచ్చేస్తారు. ఇది కూడా ఫోలిక్ ఆసిడ్ పనికి అడ్డుపడుతుంది. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రెండూ ఎముక మజ్జ మీద పడతాయి. తెల్లకణాలు, ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నోట్లో పుండ్లు తొలి హెచ్చరిక. వారం మాత్రను పొరపాటున రోజూ మింగినప్పుడూ ఇదే జరుగుతుంది, కాబట్టి దగ్గుతో పాటు నోటిపూత వస్తే రక్తపరీక్షకు అదే రోజు వెళ్లాలి.

లెవోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్ ఇంకో రకం చిక్కు. టీబీ క్రిమి మీద కూడా అది కొంత పనిచేస్తుంది. పదిరోజులు వాడితే దగ్గు తగ్గినట్టు అనిపించి అసలు జబ్బు దాక్కుంటుంది, గుర్తించడం నెలలు ఆలస్యమవుతుంది. స్టెరాయిడ్ వాడేవాళ్లలో మడమ వెనక నరం లాంటి బలమైన కండరపు తాడు తెగే ముప్పునూ పెంచుతుంది. అజిత్రోమైసిన్ మామూలుగా మంచిదే, కానీ కీళ్లవాతానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవాళ్లకు గుండె లయ తప్పే అవకాశం ఉంది కాబట్టి అడిగి వాడాలి. నొప్పికి ట్రమడాల్ వేసుకునేవాళ్లు కోడీన్ ఉన్న సిరప్‌తో కలిపితే మత్తు ఎక్కువై ఊపిరి మందగించవచ్చు. సిరప్ సీసా మీద ఏమేం ఉన్నాయో షాపులో అడిగి చదివించుకోవడంలో తప్పేమీ లేదు.

పేరులేని పొట్లాల్లో వచ్చే వాతం పొడుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిసి ఉన్నట్టు పదేపదే బయటపడింది. వేసుకుంటే కీళ్లూ దగ్గూ రెండూ తగ్గినట్టే ఉంటాయి, లోపల క్రిమి ఉంటే అది పెరుగుతూనే ఉంటుంది. మిరియాల కషాయం, తేనె, వేడినీళ్లు అలాంటి చిక్కు పెట్టవు. గొంతు దగ్గుకి తేనె బాగానే పనిచేస్తుంది, షుగర్ ఉన్నవాళ్లు లెక్క చూసుకోవాలి.

కారణం తేలేలోపు గడిచే రాత్రులు

దగ్గినప్పుడల్లా పక్కటెముకలు నొప్పిపెడుతుంటే ఒక దిండును ఛాతీకి గట్టిగా అదుముకుని దగ్గండి. ఏళ్లుగా స్టెరాయిడ్ వాడినవాళ్ల ఎముకలు పల్చబడి ఉంటాయి, దగ్గుకే పక్కటెముక విరగడం జరుగుతుంది. ఒకే చోట, ఊపిరి పీలిస్తే పొడిచినట్టు నొప్పి వస్తే చెప్పాలి. దగ్గినప్పుడు మూత్రం చుక్కలు పడటం ఆడవాళ్లలో చాలామందికి ఉంటుంది. సిగ్గుతో చెప్పరు, బయటికి వెళ్లడమే మానేస్తారు. గైనకాలజీ డాక్టరో ఫిజియోథెరపిస్టో చెప్పే కటి కండరాల వ్యాయామంతో చాలామందికి తగ్గుతుంది.

కఫం నిలిచే రకం దగ్గయితే ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి పద్ధతి నేర్చుకోవాలి. నెమ్మదిగా కొన్ని ఊపిరులు తీసుకుని, అద్దం మీద ఆవిరి పట్టేలా నోరు తెరిచి "హఫ్" అని బలంగా ఊదడం. గట్టిగా దగ్గడం కంటే ఇలా చేస్తే అలసట తక్కువ, తెమడ తేలిగ్గా పైకి వస్తుంది.

ఇన్‌హేలర్ రాస్తే వేళ్ల సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. మామూలు ఇన్‌హేలర్ డబ్బాను బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టి, ఊపిరి పీల్చే క్షణానికే నొక్కాలి. వంకర తిరిగిన వేళ్లతో అది నొక్కడానికే బలం చాలదు, మందు నాలుక మీదే ఆగిపోతుంది. క్యాప్సూల్ పెట్టి తిప్పే రోటాహేలర్‌లో ఆ గుళికను రేకు నుంచి బయటకు తీయడమే ఒక యుద్ధం. స్పేసర్ గొట్టం తగిలించి, రెండు అరచేతులూ కలిపి నొక్కితే చాలామందికి కుదురుతుంది. కొందరికి ఇంట్లోవాళ్లు నొక్కిపెట్టాల్సి వస్తుంది. "మందు పనిచేయలేదు" అని ఫిర్యాదు చేసే ముందు డాక్టరు ఎదుటే ఒకసారి వాడి చూపించండి.

రక్తం పడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, ఆక్సిజన్ 94 కంటే కిందికి పడినా, జ్వరం 100.4 దాటినా, గొంతులోంచి ఊపిరి లోపలికి లాగుతుంటే కీచుమన్న శబ్దం వచ్చినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడికి వెళ్లాక బ్రాంకోస్కోపీ (గొట్టంతో శ్వాసనాళాల్లోకి చూడటం) చేయాల్సిన, లేదా మత్తు ఇవ్వాల్సిన పరిస్థితి వస్తే, కీళ్లవాతం ఎన్నేళ్లుగా ఉందో, మెడ నొప్పి ఉందో లేదో ముందుగా చెప్పండి. ఈ జబ్బు మెడ పైభాగంలోని మొదటి రెండు వెన్నుపూసల పట్టును సడలించవచ్చు. తల వెనక్కి వంచేటప్పుడు వాళ్లు జాగ్రత్తపడాలి.

ఇక టీకాలు. ఏటా సూదిగా వేసే ఫ్లూ టీకా, డాక్టరు చెప్పిన ప్రకారం న్యుమోకోకల్ టీకా వేయించుకోవచ్చు, ఈ రెండింటిలోనూ బతికున్న క్రిమి ఉండదు. అమెరికా రుమటాలజీ సంఘం 2022 సూచనల ప్రకారం కీళ్లు అదుపులో ఉంటే ఫ్లూ టీకా వేయించుకున్నాక రెండు వారాలు మెథోట్రెక్సేట్ ఆపితే టీకా బాగా పనిచేస్తుంది. ఆపాలా వద్దా అన్నది మీ డాక్టరును అడిగే టీకా తేదీ పెట్టుకోండి. బతికున్న క్రిమితో చేసిన టీకాలు మాత్రం పైన చెప్పిన కీళ్లవాతం ఇంజెక్షన్లు తీసుకుంటున్నప్పుడు వేయరు.